అమ్మానాన్నలను ఆరు నెలలూ ఉంచుకోవాలా? విజిటర్ వీసా మీద ఎన్నాళ్ళు ఉంటే మంచిది?

ఫ్రిస్కో_తెనాలి
మాది టెక్సాస్‌లో ఫ్రిస్కో. ఆగస్టు 10కి నాకు డెలివరీ డేట్ ఇచ్చారు, మొదటి కాన్పు. తెనాలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఇద్దరికీ పదేళ్ళ విజిటర్ వీసా (బి1/బి2) ఉంది. పోయినేడు మే 4న వచ్చి అక్టోబరు 28న వెళ్ళారు, దాదాపు ఆరు నెలలూ ఉన్నట్టే. ఈసారి జూలై 5కి రప్పించి జనవరి మొదటి వారం దాకా ఉంచుకుందామని నా ఆలోచన. వాళ్ళు వెళ్ళాక అత్తయ్య, మామయ్య వస్తారు. ఇక్కడ తలా ఒక మాట చెబుతున్నారు. ఏడాదికి 180 రోజులే రూలు అని ఒకరు, పదేళ్ళ వీసా ఉండగా భయమెందుకు అని ఒకరు, ఎక్స్‌టెన్షన్ వేసి ఏడాది ఉంచుకో అని ఇంకొకరు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, 67 ఏళ్ళు, షుగర్ ఉంది. అమ్మకు 61. ఈ వారంలో టికెట్లు బుక్ చేయాలి. రిటర్న్ ఏ తేదీకి పెట్టాలో తేలక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అలెన్_వాసి
ముందు వీసా వేరు, ఉండే గడువు వేరు అని తెలుసుకోండి. పాస్‌పోర్టులో ఉన్న పదేళ్ళ వీసా గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే. లోపల ఎన్నాళ్ళు ఉండాలో ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు నిర్ణయిస్తాడు. ఆ తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకు కాగితం ఇవ్వడం మానేశారు కాబట్టి సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు వివరాలు కొట్టి మనమే చూసుకోవాలి. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఏడాదికి 180 రోజులే అన్న రూలు అమెరికా విజిటర్ వీసాకు లేదు. పదేళ్ళ వీసా కాబట్టి ఎన్నాళ్ళైనా ఉండొచ్చన్నది మాత్రం చాలా ప్రమాదకరమైన మాట, అది చెప్పినవాళ్ళ దగ్గర ఇంకేమీ అడగకండి.

వీళ్ళు దిగిన రోజే ఐ-94 డౌన్‌లోడ్ చేసి ఫ్రిజ్ మీద అంటించండి. ఒక్కోసారి తేదీ తప్పు పడుతుంది, వెంటనే చూసుకుంటేనే సరిచేయించుకోగలం.

కరీంనగర్_బిడ్డ
రూలు లేదన్నది నిజమే కానీ రూలు లేదని ధైర్యంగా ఉండొద్దు. మా బాపు, అమ్మ 2023లో ఆరు నెలలు నిండుగా ఉండి వెళ్ళి, రెండున్నర నెలలకే మళ్ళీ వచ్చారు. నా రెండో బిడ్డ పుట్టిన టైము. ఎయిర్‌పోర్టులో ఇద్దరినీ పక్క గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు. మీరు చూసిపోవడానికి వస్తున్నారా, ఇక్కడే ఉంటున్నారా అని తెలుగు అనువాదకుడిని ఫోన్‌లో పెట్టి మరీ అడిగారట. బాపుకు బీపీ పెరిగి చేతులు వణికాయి. చివరికి మూడు నెలలే ఇచ్చి పంపారు. నేను బయట నిలబడి ఏమైందో తెలియక ఏడ్చాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే లెక్క. ఇక్కడ ఎన్ని రోజులు ఉన్నారో అంతకంటే ఎక్కువ రోజులు ఊళ్ళో ఉన్నాకే మళ్ళీ టికెట్టు.

ఫ్రిస్కో_తెనాలి
@కరీంనగర్_బిడ్డ చదువుతుంటేనే గుండె దడ వచ్చిందండి. మా వాళ్ళకు అక్టోబరు 28 నుంచి జూలై 5 దాకా గ్యాప్ ఉంది. అది చాలంటారా?

అలెన్_వాసి
ఎనిమిది నెలల పైనే కదా, అది మంచి గ్యాపే. ఇల్లు, పింఛను, మిగతా పిల్లలు అక్కడ ఉన్నారని అడిగితే చెప్పగలిగితే చాలు.

ఎడిసన్_అక్క
ఎక్స్‌టెన్షన్ సంగతి నేను చెప్తాను, 2022లో మా అత్తయ్యకు వేశాం. ఆవిడ బాత్రూంలో జారి పడి తుంటి ఎముక విరిగింది, డాక్టరు ఇంకా ప్రయాణం వద్దన్నాడు. ఫారం ఐ-539 వేయాలి. గడువు తీరడానికి కనీసం 45 రోజుల ముందే వేయమంటారు. డాక్టరు ఉత్తరం, ఇన్సూరెన్సు, మా బ్యాంకు కాగితాలు, అక్కడ ఇల్లు ఉన్నట్టు పత్రాలు, అన్నీ పెట్టాం. ఐదు నెలలైనా జవాబు లేదు. గడువు లోపలే వేశాం కాబట్టి జవాబు వచ్చేదాకా ఉండొచ్చని లాయరు చెప్పారు కానీ, ఒకవేళ కాదంటే ఆ మర్నాటి నుంచే గడువు దాటి ఉన్న రోజుల లెక్క మొదలవుతుంది. రోజూ పొద్దున్నే కేసు స్టేటస్ చూడటమే నా పని అయిపోయింది. నడవగలిగిన రోజున ఆవిడే "నన్ను పంపించెయ్యండమ్మా, ఈ కాగితం కోసం కూర్చోలేను" అని వెళ్ళిపోయారు. తర్వాత ట్రిప్పులో ఆ రసీదు, బోర్డింగ్ పాసు చూపించాల్సి వచ్చింది. దాచండి, పారేయకండి.

ఇప్పుడు ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. 2024 ఏప్రిల్‌లో మార్చారు, వేసే రోజు మళ్ళీ చూసుకోండి. నా మాట ఏమిటంటే, ఎక్స్‌టెన్షన్ ఆపద వచ్చినప్పుడు వాడుకునేది. టికెట్టు కొనే రోజే దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

బే_ఏరియా_తమ్ముడు
అక్కా, మీ కేసు కష్టమైనదే కానీ అందరికీ అలా అవదు. మా అమ్మకు వేశాం, మూడు నెలల్లో అప్రూవల్ వచ్చింది, మొత్తం పదకొండు నెలలు ఉంది. చట్టం ఇచ్చిన అవకాశం వాడుకోవడంలో తప్పేముంది? మొదటి కాన్పు, ఇద్దరూ ఉద్యోగం, డేకేర్‌లో సీటు దొరకదు. అమ్మ కాకపోతే ఎవరు చూస్తారు?

ఎడిసన్_అక్క
@బే_ఏరియా_తమ్ముడు తప్పని నేననలేదు. మీ అమ్మగారు ఆ తర్వాత మళ్ళీ వచ్చారా?

బే_ఏరియా_తమ్ముడు
వచ్చింది. పోయినసారి ఎందుకు అన్నాళ్ళు ఉన్నావని అడిగారు. అప్రూవల్ కాగితం చూపిస్తే వదిలేశారు. కానీ నాలుగు నెలలే ఇచ్చారు, అది నిజం.

కరీంనగర్_బిడ్డ
చూశారా మరి.

ప్లేనో_శ్రీవారు
ఒకటి రెండు రోజులు దాటితే ఏమవుతుంది? మా వాళ్ళకు జనవరి 4 గడువు, 6న టికెట్టు చవకగా ఉంది.

అలెన్_వాసి
@ప్లేనో_శ్రీవారు వద్దండి, దయచేసి వద్దు. ఒక్క రోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది. మళ్ళీ కొత్తగా అప్లై చేయాలి, అప్పుడు ఎందుకు దాటారో చెప్పుకోవాలి. గడువు తీరాక 180 రోజులు మించి ఉండిపోయి వెళ్తే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్ళు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. టికెట్టులో మిగిలే డబ్బుకి, వీసా అపాయింట్‌మెంటు కోసం మళ్ళీ ఎదురుచూడటానికి పోలికే లేదు. గడువుకు కనీసం రెండు వారాల ముందు రిటర్న్ పెట్టండి. విమానం రద్దయినా, జ్వరం వచ్చినా ఆ రెండు వారాలే కాపాడతాయి.

ప్లేనో_శ్రీవారు
సరేనండి, డిసెంబరు 19కి మారుస్తున్నాను. మంచిపని అయింది అడగడం.

చిలుకూరు_భక్తురాలు
మా అమ్మకు వీసా వచ్చాక మొక్కు తీర్చడానికి 108 ప్రదక్షిణలు చేసి వారం రోజులు కాళ్ళకు నూనె రాసుకుంది. ఆ కాళ్ళ నొప్పి గుర్తుంటే ఎవరూ ఒక్క రోజు కూడా దాటరు 🙂

స్టుట్‌గార్ట్_కోడలు
మీరంతా ఆరు నెలలని బాధపడుతున్నారు. మాకు జర్మనీలో షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే), ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులే. ఎవరో ఫ్రిస్కో అక్కతో 180 రోజుల రూలు అన్నది ఇది విని కలిపేసి ఉంటారు. నా కాన్పుకు అమ్మ నెల ముందు వచ్చింది, బిడ్డ పది రోజులు ఆలస్యంగా పుట్టింది. బారసాల అయ్యాక చూస్తే ఇంక చేతిలో ముప్పై రోజులే ఉన్నాయి. అందుకే మీకు చెప్పేది, మరీ ముందుగా రప్పించకండి. కాన్పుకు ముందు రోజులకంటే తర్వాతి రోజులే మనకు కావాలి.

టొరంటో_విశాఖ
కెనడాలో మామూలు విజిటర్‌కు ఆరు నెలలే, కానీ తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది. 2022 జూలై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ళు ఉండొచ్చు. లక్ష కెనడా డాలర్ల హెల్త్ ఇన్సూరెన్సు చూపించాలి. ఐదేళ్ళు ఉండొచ్చు కదా అని మా నాన్నను రప్పిస్తే నాలుగున్నర నెలలకే వెళ్ళిపోయారు. బీచ్ రోడ్డులో పొద్దున నడక, ఫ్రెండ్సుతో టీ లేకపోతే ఆయనకు తెల్లారినట్టే ఉండదట. కాగితం ఎన్నాళ్ళు ఇస్తుంది అన్నదొకటి, మనిషి ఎన్నాళ్ళు ఉండగలడు అన్నదొకటి.

మెల్‌బోర్న్_గుంటూరు
ఆస్ట్రేలియాకు వచ్చేవాళ్ళు వీసా గ్రాంట్ లెటర్‌లో 8503 అనే షరతు ఉందో లేదో చూడండి. అది ఉంటే ఇక్కడుండగా పొడిగింపుకు దాదాపు దారి మూసుకుపోయినట్టే. మేం ఎక్స్‌టెన్షన్ వేద్దామని కూర్చున్నప్పుడు చూసుకున్నాం.

లెక్కల_మాస్టారి_అబ్బాయి
ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది, పన్ను. విజిటర్ వీసా మీద ఉన్న రోజులు కూడా అమెరికాలో ట్యాక్స్ రెసిడెంట్ (పన్ను విషయంలో ఇక్కడివాళ్ళే అన్నట్టు) లెక్కలోకి వస్తాయి. ఈ ఏడాది రోజులన్నీ, పోయినేడాది రోజుల్లో మూడో వంతు, అంతకు ముందేడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183కి చేరకూడదు. ఫ్రిస్కో గారి అమ్మానాన్నకు పోయినేడు 178 రోజులు, అందులో మూడో వంతు 59. ఈసారి జూలై 5 నుంచి డిసెంబరు 31 దాకా ఉంటే 180. మొత్తం 239. దాటిపోయింది. ఆ ఏడాది 183 రోజులకు తక్కువే ఉండి, ఇల్లూ వాకిలీ అన్నీ ఇండియాలోనే ఉన్నాయని చూపించగలిగితే ఫారం 8840 వేసి బయటపడొచ్చు. కంగారు పడాల్సింది లేదు, కానీ ఆ ఫారం వేయాలని తెలియాలి కదా. మీ ట్యాక్స్ చూసేవాళ్ళను ఒకసారి అడగండి.

ఫ్రిస్కో_తెనాలి
ఇది నాకు అసలు తెలియదు. పోయినేడు 178 రోజులని మీరు లెక్కపెట్టి చెప్పేదాకా నేను కూడా లెక్కపెట్టలేదు.

కాకినాడ_కుర్రాడు
ఆఫీసరు అడిగితే అమ్మానాన్న ఏం చెప్పాలి? పిల్లను చూసుకోవడానికి అంటే తిప్పి పంపేస్తారని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది.

ఎడిసన్_అక్క
నిజమే చెప్పాలి. కూతురికి కాన్పు, మనవరాలినో మనవడినో చూడటానికి వచ్చాం, ఫలానా తేదీకి తిరిగి వెళ్తున్నాం, ఇదిగో టికెట్టు. అంతే. జీతం లేకపోయినా ఆయా పనికి వచ్చినట్టు మాట్లాడితే వాళ్ళకు అనుమానం వస్తుంది. మనవాళ్ళు మంచి మనసుతో "పిల్లాణ్ణి చూసుకోవాలి, వంట చేసి పెట్టాలి, వాళ్ళిద్దరూ ఆఫీసుకు వెళ్తారు" అని ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తారు. అబద్ధం నేర్పించకండి, ఆ అబద్ధం ఫోన్‌లో మెసేజుల్లో దొరికితే ఇంకా కష్టం. అడిగినదానికి జవాబు చెప్పడం మాత్రం నేర్పించండి. ఎన్నాళ్ళు ఉంటారంటే "ఆరు నెలలు" అని బట్టీ పట్టించకండి, టికెట్టులో ఉన్న తేదీయే చెప్పమనండి.

హ్యూస్టన్_నెల్లూరు
అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, ఇక్కడ దిగాక లోకల్ విమానం దిగినట్టు బయటికి వచ్చేయొచ్చు. కాకపోతే అక్కడ ఏదైనా అడిగితే సాయానికి మనం దగ్గర్లో ఉండం. నాన్నగారికి వీల్‌చెయిర్ పెట్టించండి, మోకాళ్ళు బాగానే ఉన్నా సరే, కూడా ఒక మనిషి ఉంటాడు.

కరివేపాకు మాత్రం తేవద్దని ఇప్పుడే చెప్పండి. తాజా ఆకు రానివ్వరు, నిమ్మజాతి చెట్ల తెగులు భయం వాళ్ళకు. మా అమ్మ చీరల మధ్య పెట్టి తెచ్చి, పాపం, అక్కడే తీసి పెట్టాల్సి వచ్చింది.

నర్సు_వదిన
కాన్పు కాయం, పాత చింతకాయ పచ్చడి తెస్తారు కదా, వాటి మీద పేర్లు రాసి పెట్టమనండి. అంతకంటే ముఖ్యం ఇన్సూరెన్సు. నాన్నగారికి షుగర్ అన్నారు. చవకగా ఉందని ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ తీసుకుంటే ఒక్కోదానికి ఇంత అని కొంచెమే ఇస్తారు, మిగతా బిల్లు మీ మీదే పడుతుంది. కాంప్రెహెన్సివ్ తీసుకోండి. అందులో కూడా పాత జబ్బులకు మామూలు వైద్యం రాదు, అకస్మాత్తుగా ముదిరితే మాత్రమే కొన్ని షరతులతో ఇస్తారు. ఆ పేరా చదవకుండా కొనకండి. ఉన్నన్ని రోజులకూ మందులు, ప్రిస్క్రిప్షన్ తెచ్చుకోవాలి. ఆరు నెలలు అంటే ఆరు నెలల ఇన్సూలిన్, ఆరు నెలల ప్రీమియం. మా మామగారికి నాలుగో నెలలో మందులైపోయి ఇక్కడ డాక్టరును చూపిస్తే, ఇండియాలో ఏడాదికి అయ్యే ఖర్చు ఒక్క విజిట్‌కు అయింది.

వరంగల్_అల్లుడు
మీ నాన్నగారు రైల్వే కదా, పింఛను ఆగకుండా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇక్కడే ఉంటే హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌లో చేయించుకోవచ్చు. కానీ డాలస్ నుంచి నెలన్నర పసిబిడ్డ ఇంట్లో ఉండగా నాలుగు గంటలు కారులో ఆయన్ను ఎవరు తీసుకెళ్తారు? నవంబరుకు ఇంట్లో ఉంటే మీకే సుఖం.

నర్సు_వదిన
నవంబరుకు బిడ్డకు మూడు నెలలు నిండుతాయి తమ్ముడూ, నెలన్నర కాదు.

వరంగల్_అల్లుడు
అవును, లెక్క తప్పాను. దూరం మాత్రం అంతే.

రాజమండ్రి_టీచరమ్మ
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాకు 66 ఏళ్ళు. మినియాపోలిస్‌లో అబ్బాయి దగ్గరికి నాలుగు సార్లు వెళ్ళొచ్చాను. ఇక్కడ రాసినవన్నీ పిల్లలు. ఉండాల్సిన వాళ్ళు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

వెళ్ళిన కొత్తలో ఒళ్ళు తెలియదు. మనవడి ఒంటికి నూనె పట్టించడం, సాంబ్రాణి వేయడం, కోడలికి పథ్యం వండటం. నిద్ర లేకపోయినా బాధ అనిపించదు. పిల్ల మూడో నెలకు వచ్చి, కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరాక కథ మారుతుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేనూ, పసివాడూ, గోడ గడియారం. కారు నడపడం రాదు. బయట మంచు. వీధిలో మనిషి అలికిడి ఉండదు. పాలవాడి కేక, కూరగాయల బండి, పక్కింటి వాళ్ళ కుక్కర్ విజిల్, ఇవన్నీ ఎంత తోడో అక్కడే తెలిసింది నాకు. ఇంటికి తాళం వేసి వచ్చాం, తులసి మొక్కకు ఎదురింటి అమ్మాయి నీళ్ళు పోస్తోందో లేదో, వానకు మేడ మీద నీళ్ళు నిలిచాయో ఏమో అని రాత్రుళ్ళు మెలకువ వచ్చేది. అబ్బాయి "అమ్మా బాగున్నావా" అంటే "బాగున్నానురా" అనేదాన్ని. వాడు కష్టపడి టికెట్లు కొన్నాడు, బాగాలేదని ఎలా చెప్తాను?

నాలుగోసారి నేనే చెప్పాను, ఏప్రిల్‌లో వచ్చి జూలైలో వెళ్ళిపోతానని. ఆ మూడున్నర నెలలు ఎంత సంతోషంగా ఉన్నానో. పసివాడు నన్ను వదిలి వెళ్ళలేక ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మొదటిసారి నవంబరులో వెళ్ళిపోతుంటే నాకు ఏడుపు రాలేదు, ఇంటికి వెళ్తున్నానన్న ధ్యాసే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఫ్రిస్కో అమ్మాయీ, మీ ఆయనను అడిగావు, స్నేహితులను అడిగావు, ఇక్కడ ఇంతమందిని అడిగావు. మీ అమ్మను అడిగావా?

బే_ఏరియా_తమ్ముడు
అమ్మా, ఇది చదివి ఇప్పుడే మా అమ్మకు ఫోన్ చేశాను. పదకొండు నెలలు ఉంచాను ఆవిడను. ఇంకేం రాయను.

ప్లేనో_శ్రీవారు
మా అమ్మ మాత్రం ఇక్కడ చాలా బాగుంటుంది టీచరమ్మగారూ. మా కాలనీలో పదిమంది ఆడవాళ్ళు, సాయంత్రం పార్కులో కలుస్తారు, శనివారం గుడి. మనిషిని బట్టి, ఊరిని బట్టి ఉంటుంది.

రాజమండ్రి_టీచరమ్మ
అవును నాయనా, ఉంటుంది. అందుకే అడగమంటున్నాను.

ఫ్రిస్కో_తెనాలి
రెండు రోజులు ఇటు రాలేదు. టీచరమ్మగారూ, మీరు అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేశాను. ఎన్నాళ్ళు ఉంటావమ్మా అంటే "నీ ఇష్టమే తల్లీ" అంది. కాదు, నీకెన్నాళ్ళు ఉండాలనుంది అని మళ్ళీ అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. పోయినేడు సెప్టెంబరు నుంచి వంటింట్లో క్యాలెండరు మీద పెన్సిల్‌తో రోజులు కొట్టేసుకునేదట. ఆ గీతలు నేను చూశాను. పాలు తెచ్చిన లెక్క అనుకున్నాను.

నాన్న సంగతి ఇంకో రకం. జనవరి దాకా ఏంటి, వేసవి దాకా ఉంటాను అన్నారు. లైబ్రరీ, చెరువు చుట్టూ నడక, ఇద్దరు తెలుగు పెద్దమనుషులు దోస్తులయ్యారు కదా. కానీ అమ్మ లేకుండా ఒక్కరూ ఉండరు, షుగర్ మందులు కూడా ఆవిడ చేతి మీదుగానే.

అమ్మ చెప్పిందే ఖాయం చేశాం. జూలై 5న రావడం, అక్టోబరు 15న వెళ్ళడం. దీపావళికి ఇంట్లో దీపాలు పెట్టుకోవాలంది, నవంబరులో నాన్న సర్టిఫికెట్టు కూడా అక్కడే ఇస్తారు. అత్తయ్యవాళ్ళు జనవరికి బదులు అక్టోబరు 8కి వస్తున్నారు, వారం రోజులు అందరం కలిసి ఉంటాం. పాపో బాబో, మొదటి పుట్టినరోజుకి మళ్ళీ వస్తామని అమ్మే అంది. అప్పటికి పది నెలల గ్యాప్ వస్తుంది.

లెక్కల_మాస్టారి_అబ్బాయి
జూలై 5 నుంచి అక్టోబరు 15 దాకా 103 రోజులు. పాత 59 కలిపితే 162. 183 లోపే ఉన్నారు, ఆ ఫారం బెడద కూడా లేదు.

ఎడిసన్_అక్క
అత్తయ్యగారిని కూడా అడిగావా, ఎన్నాళ్ళు ఉంటారని?

ఫ్రిస్కో_తెనాలి
అడిగానక్కా. మామయ్యగారికి చలి పడదట, డిసెంబరు మధ్యలో వెళ్ళిపోతామన్నారు. ఆ తర్వాత నా లీవు ఇంకో మూడు వారాలు ఉంది, మా ఆయన తన లీవు అప్పటికి దాచుకుంటానన్నారు. డేకేర్‌కు రేపు వెళ్ళి జనవరికి పేరు రాయించి వస్తున్నాం.

హ్యూస్టన్_నెల్లూరు
కరివేపాకు సంగతి అమ్మకు చెప్పావా?

ఫ్రిస్కో_తెనాలి
చెప్పాను. ఎండబెట్టి పొడి కొట్టి తెస్తానంటోంది.